చెద కనిపించేది తలుపులో, మందు పోయాల్సింది నేలలో

గుమ్మం అడుగున రంగు కాస్త ఉబ్బినట్టు కనిపిస్తుంది. వేలితో నొక్కితే పెచ్చు లోపలికి దిగిపోతుంది. చెక్క ఉండాల్సిన చోట మట్టి, ఆ మట్టిలో తెల్లగా మెత్తగా కదిలే పురుగులు. ఆ తర్వాత చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. కిరోసిన్ సీసానో, బొద్దింకల స్ప్రేనో తెచ్చి ఆ బొక్కలో గుమ్మరిస్తారు, చచ్చినవాటిని ఊడ్చేస్తారు, పుట్టీ పెట్టి రంగు వేస్తారు. కొన్నాళ్లకు అదే గుమ్మం రెండో కాలో, పక్క గదిలో అల్మరానో పట్టుకుంటుంది. మందు పని చేయలేదని నిట్టూరుస్తారు. నిజానికి మందు పని చేసింది, తగలాల్సిన చోట తగల్లేదంతే.

మన ఇళ్లను పట్టే చెదలో అధికభాగం నేలలో కాపురముండేది. గుమ్మంలో దొరికేవి మేతకు వచ్చిన శ్రామిక చెదలు, వాటికి కాపలాగా వచ్చిన కొద్దిపాటి సైనిక చెదలు. రాణి, గుడ్లు, పిల్లలు ఉన్న గూడు ఇంటి కిందో, ప్రహరీ పక్క మట్టిలోనో, ఒక్కోసారి పక్కింటి దొడ్లోనో ఉంటుంది. రాణి బతికేది నెలల లెక్కన కాదు, ఏళ్ల లెక్కన. పెద్ద గూళ్లలో అది రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. గుమ్మంలో కొన్ని వందలు చచ్చినా ఆ లోటు గూటికి తెలియను కూడా తెలియదు. కాబట్టి చెద వైద్యంలో మొదటి ప్రశ్న ఏ మందు అన్నది కాదు. ఎక్కడి నుంచి వస్తోంది, నీళ్లు ఎక్కడ దొరుకుతున్నాయి అన్నవి ముందు తేలాలి.

నీళ్లు ఎందుకంటే, చెద ఒళ్లు చాలా పల్చన. చీమకున్న గట్టి పెంకు దానికి లేదు. ఎండ, గాలి తగిలితే త్వరగా ఎండిపోయి చస్తుంది. చూడ్డానికి తెల్లచీమలా ఉన్నా చీమకూ దీనికీ చుట్టరికం లేదు. దీని దగ్గరి బంధువు బొద్దింక. ఒళ్లు ఎండకుండా కాపాడుకోవడానికే చెద మట్టిని, తన ఉమ్మిని, మలాన్ని కలిపి గొట్టాల్లాంటి దారులు కట్టుకుంటుంది. పునాది మీదుగా, గోడ మూల వెంట, పైపు పక్కగా పెన్సిలంత లావున పైకి పాకే ఆ మట్టిదారే చెదను పట్టించే తిరుగులేని ఆనవాలు.

ఆ దారి కనబడగానే చీపురుతో గోకేయడం మన అలవాటు. ఇది తొందరపాటు. మందు కొట్టేవాడికి ఆ దారే పటం. చెద నేలలోంచి ఏ పగులులో పైకి వచ్చింది, ఎటు పోయింది అన్నది అదే చెబుతుంది. మొత్తం చెరిపేస్తే చెద వెనక్కి తగ్గి, మూడో రోజుకి అల్మరా వెనక నుంచో, ఎవరికీ కనిపించని ఇంకో మూల నుంచో ఎక్కుతుంది. దానికి బదులు దారి మధ్యలో రెండు అంగుళాల మేర మాత్రమే పగలగొట్టి చూడాలి. లోపల తడిగా ఉండి పురుగులు పరుగెడితే సందేహమే లేదు. ఎండిపోయి ఖాళీగా ఉంటే నాలుగైదు రోజులు ఆగి మళ్లీ చూడాలి. ఆ తెగిన చోట కొత్త తడిమట్టి అతుకు పడిందంటే రాకపోకలు సాగుతున్నట్టే. అతుకు పడకపోతే అది పాత దారి కావచ్చు, కానీ చెద ఇల్లు వదిలిపోయిందనడానికి అదొక్కటే రుజువు చాలదు.

దారి కనిపించని ఇళ్లూ ఉంటాయి. టైల్స్, స్కర్టింగ్, గోడకు అతికించిన వుడ్‌వర్క్ వచ్చాక చెదకు మరుగు పెరిగింది. అలాంటి చోట్ల వేరే ఆనవాళ్లు చూసుకోవాలి. గుమ్మాన్ని, కిటికీ చట్రాన్ని, కబోర్డు అడుగుచెక్కను స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతే గట్టి చెక్క టకటకమంటుంది, తినేసిన చోట డొల్లగా మోగుతుంది. తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం వానాకాలంలో మామూలే అయినా, వేసవిలో కూడా అలాగే ఉంటే చూడాల్సిందే. స్విచ్ బోర్డు సందుల్లోంచి మట్టి రాలుతుంటే అది కరెంటు పైపులోంచి చెద పైకి వచ్చినట్టు. మీటరు పెట్టె, ఏసీ పైపు గోడలో దూరే బెజ్జం, బాత్రూం తలుపు చట్రం అడుగు, మెట్ల కింద అటకలు, నెలల తరబడి కదపని అట్టపెట్టెలు ముందుగా వెతకాల్సిన చోట్లు. అన్నిటికంటే ఎక్కువగా దొరికే చోటు బాత్రూం గోడకు ఆనించి కట్టిన కబోర్డు వెనకభాగం. గోడలోంచి ఊరే చెమ్మ ఒకవైపు, వెలుతురు సోకని ప్లైవుడ్ ఇంకోవైపు. చెదకు కావాల్సినవన్నీ అక్కడే ఉంటాయి. బట్టలు మడతపెట్టే వైపు నున్నగా లామినేట్ మెరుస్తూనే ఉంటుంది, వెనక పలక మాత్రం కాగితంలా మిగులుతుంది.

తొలకరి జల్లులు పడ్డ సాయంత్రం దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే. కొత్త గూడు పెట్టడానికి బయల్దేరిన ఆడా మగా అవి. ఊళ్లల్లో వీటిని పట్టి వేయించుకు తినే అలవాటూ ఉంది. లైటు చూసి కిటికీలోంచి వచ్చిన ఉసిళ్లను బట్టి ఇంట్లో చెద ఉందని తేల్చలేం. ఎక్కడి గూటి నుంచో వచ్చి ఉండొచ్చు. తలుపులు, కిటికీలు వేసి ఉండగా గోడ మూల నుంచో, గుమ్మం పగులు నుంచో అవి బయటికి వచ్చినా, పొద్దున కిటికీ గట్టు మీద రాలిన రెక్కల కుప్ప కనిపించినా లెక్క వేరు. గూడు ఇంటిని అంటుకునే ఉన్నట్టు. రెక్కల చీమలతో పొరపడకుండా ఒకటి గమనిస్తే చాలు. చీమకు నడుము సన్నం, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. చెదకు నడుమే ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు.

చెక్క నుంచి పొడి రాలితే అదంతా చెదే అనుకోవడం మరో పొరపాటు. టాల్కం పౌడరులా మెత్తని పిండి, పక్కనే గుండుసూది గుచ్చినట్టు సన్నని బెజ్జాలు ఉంటే అది చెక్కను పిండి చేసే ఒక పెంకుపురుగు పని. రబ్బరుచెక్క, వెదురు, చెక్కలోని తెల్లభాగం దానికి ఇష్టం. చేతికి గరుకుగా, గసగసాలంత గింజల్లా రాలుతుంటే, భూతద్దంలో ఆరు పలకలు కనిపిస్తుంటే అది పొడిచెక్క చెద. ఇది నేలతో పనిలేకుండా చెక్కలోనే పుట్టి, చెక్కలోనే గూడు పెడుతుంది. తీరప్రాంతపు చెమ్మగాలి దీనికి నప్పుతుంది. మట్టిదారులు కట్టదు. పెంకుపురుగు, పొడిచెక్క చెద, నేలచెద, ఈ మూడింటికీ మందు వేరు, మందు పెట్టే చోటు వేరు. పొడిచెక్క చెద పట్టిన కుర్చీ కోసం ఇల్లంతా గచ్చు తొలిపించుకోవడం వృథా. నేలచెద పట్టిన గుమ్మానికి చెక్క పైన మాత్రమే మందు పూయించుకోవడం అంతకంటే వృథా.

భారతదేశంలో సుమారు 300 జాతుల చెదలున్నాయి. ఇళ్లకు చేటు చేసేవి అందులో కొన్నే. పొలంగట్ల మీద పెద్ద పుట్టలు పెట్టే ఒడోంటోటెర్మిస్ కోవకు చెందినవి గూటిలో బూజును సాగు చేస్తాయి. వానల తర్వాత పుట్టల మీద మొలిచే తెల్లని పుట్టగొడుగులు ఆ సాగు పంటే. ఇవి చెక్కను, చెట్టు బెరడును పైనుంచి మట్టిపొర కప్పి గీక్కుంటూ తింటాయి. హెటెరోటెర్మిస్, కోప్టోటెర్మిస్ రకాలు చెక్క లోపలికి దూరి, పైపొర చెక్కుచెదరకుండా ఉంచి నడిమి భాగం తినేస్తాయి. మొదటిరకం దాడి కంటికి తొందరగా ఆనుతుంది, రెండోరకం చేయి పెట్టేదాకా తెలియదు. కోప్టోటెర్మిస్‌తో ఇంకో చిక్కు ఉంది. గోడలోనో, శ్లాబులోనో నీటి లీకు ఎడతెగకుండా ఉంటే నేలతో సంబంధం లేకుండా పై అంతస్తులోనే ఉపగూడు పెట్టుకోగలదు. అపార్టుమెంటు అయిదో అంతస్తులో చెద ఏమిటని ఆశ్చర్యపోయేవారికి సమాధానం ఒకటి ఇది, రెండోది పైపుల డక్టు. లీకు ఆపకుండా ఆ ఫ్లాటుకు ఎన్ని మందులు కొట్టినా డబ్బు దండగ.

దొడ్లో పుట్ట ఉంటే దాన్ని తవ్వి రాణిని తీసేస్తే పీడ పోతుందని కొందరు నమ్ముతారు. ఇంట్లోకి వచ్చే చెద ఆ పుట్టదే అయ్యుండాలని లేదు. చాలా రకాలు పైకి పుట్ట కట్టకుండా నేలలోపలే గూడు పెడతాయి. కొన్నింటిలో రాణి పోతే ఆ స్థానానికి వేరే ఆడచెద తయారవుతుంది. నాగులచవితికి పాలు పోసే పుట్టను గునపంతో కదపడానికి ఇంట్లో పెద్దలు ఎలాగూ ఒప్పుకోరు. ఈ విషయంలో వాళ్ల మాట వినడం వల్ల నష్టమేమీ లేదు.

ఇనుప పెట్టెలో పెడితే భద్రం అనుకోవడం ఎంత ఖరీదైన నమ్మకమో 2021 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా మైలవరంలో తేలింది. పందుల వ్యాపారం చేసుకునే ఒకాయన ఇల్లు కట్టుకోవడానికి ట్రంకు పెట్టెలో దాచుకున్న సుమారు 5 లక్షల రూపాయల నోట్లు చెద తినేసింది. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో 2011లో ఒక బ్యాంకు శాఖలోనే దాదాపు కోటి రూపాయల నోట్లకు ఇదే గతి పట్టింది. ఇనుమును చెద తినదు, నిజమే. పెట్టె అతుకుల్లో దానికి చాలినంత సందు ఉంటుంది. నేల మీద, గోడకు ఆనించి, ఏళ్ల తరబడి కదపకుండా ఉంచిన పెట్టె, అందులో కాగితం అంటే దానికి కడుపునిండా భోజనం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 50 రూపాయలు, ఆపై నోట్లలో మిగిలిన అతిపెద్ద ముక్క 80 శాతం దాటితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగం విలువ ఇస్తారు. అంతకంటే తక్కువైతే ఏమీ రాదు. భూమి దస్తావేజులకు, సర్టిఫికెట్లకు అలాంటి నిబంధన కూడా లేదు. కాగితాల పెట్టెను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా, నేలకు జానెడు ఎత్తున పెట్టి, వానాకాలం ముందొకసారి తర్వాతొకసారి తెరిచి చూడటమే అన్ని మందులకన్నా చౌక.

చెక్క విషయంలోనూ అపోహలు తక్కువేం కాదు. టేకుకు చెద పట్టదన్న మాటలో సగమే నిజం. చెదను తట్టుకునేది టేకు చేవ, అంటే ముదురు రంగు నడిమి చెక్క. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కను చెద మామూలు కలపలాగే తింటుంది. తోటల్లో పెంచి, చిన్న వయసులోనే కొట్టిన టేకులో చేవ తక్కువ, తెల్ల ఎక్కువ. వార్నిష్ వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి గుమ్మాలు కొనేటప్పుడే, రంగు పడకముందే, తెల్ల ఎంత ఉందో చూసుకోవాలి. ప్లైవుడ్ దుకాణంలో వాటర్‌ప్రూఫ్ అన్న మాట విని చెదప్రూఫ్ అనుకోవడం ఇంకా ఎక్కువ. ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 303లోని గ్రేడ్లు ముఖ్యంగా చెప్పేది పొరల మధ్య జిగురు నీటికి ఎంత ఆగుతుందన్నది. జిగురు ఊడని ప్లైవుడ్‌ను కూడా చెద తినగలదు. చెదమందు జిగురులో కలిపారా, పలకలకు పట్టించారా, దానికి రాతపూర్వక హామీ ఉందా అని విడిగా అడిగి తీసుకోవాలి. వడ్రంగి కోసినప్పుడు బయటపడే అంచులకు మందు పూయకుండా గోడలోకి దిగ్గొడితే ఆ హామీకి విలువ తగ్గుతుంది. గుమ్మం కాళ్లను గచ్చులోకి దించే పద్ధతి ఇప్పటికీ పోలేదు. చెదకు అంతకంటే దగ్గరి దారి వేరే కట్టివ్వక్కర్లేదు.

వైద్యం దగ్గరికి వస్తే, కట్టిన ఇంటికి చెదమందు పెట్టే విధానాన్ని భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం వివరంగా చెబుతుంది. కొత్త కట్టడాలకు రెండో భాగం. సామాన్యుడు ఆ పుస్తకం చదవనక్కర్లేదు, రెండు మూడు కొలతలు గుర్తుంచుకుంటే చాలు. ఇంటి లోపల నేల, గోడ కలిసే చోట 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల బెజ్జాలు, గచ్చు దాటి మట్టి తగిలేదాకా వేయాలి. ఒక్కో బెజ్జంలో మట్టి పీల్చుకున్నంత వరకు, గరిష్ఠంగా లీటరు మందునీళ్లు ఎక్కించాలి. బయట గోడ వారన గాడి తీసి మీటరు పొడవుకు రెండుంబావు లీటర్లు పోయాలి. గుమ్మం, గోడ కలిసే చోట 6 మిల్లీమీటర్ల సన్నబెజ్జాలు ఏటవాలుగా వేసి అక్కడా మందు పట్టించాలి. అప్పుడు బెజ్జాలు మూసేయాలి.

ఈ కొలతలతో చిన్న లెక్క వేస్తే మార్కెట్లో జరిగేది అర్థమవుతుంది. పన్నెండు, పది అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు, అంటే పదమూడున్నర మీటర్లు. బెజ్జాలు 45 దాకా పడతాయి. లీటరు చొప్పున పట్టినా 45 లీటర్ల మందునీళ్లు ఒక్క గదికే. ముప్పయ్, నలభై అడుగుల ఇంటికి బయట చుట్టూ పోయడానికి మరో 95 లీటర్ల పైచిలుకు. అలాంటిది భుజానికి ఒక చిన్న స్ప్రేయర్ తగిలించుకు వచ్చి, మూలల్లో పిచికారీ చేసి, గంటలో మూడు గదుల ఇల్లు ముగించి, అయిదేళ్ల గ్యారంటీ కాగితం చేతిలో పెట్టి వెళ్లే పనిని చెదవైద్యం అనడం కష్టం. గచ్చు పైన పడ్డ మందు మట్టిలోకి దిగదు. అలాగని తప్పంతా ఆ పనివాళ్లదే అనలేం. కొత్తగా వేయించిన టైల్స్‌కు బెజ్జాలు పడతాయంటే ఇంటివాళ్లే వద్దంటారు. స్కర్టింగ్ వారగా, టైల్ అతుకు మీద జాగ్రత్తగా వేసి తెల్లసిమెంటుతో మూస్తే ఆ మచ్చలు వెతికితే తప్ప కనబడవు. బెజ్జం వేయనివ్వనప్పుడు నేలకు మందు పెట్టించుకున్నామన్న భ్రమ కూడా పెట్టుకోకూడదు.

మందుల సంగతిలో పెద్దవాళ్ల అనుభవం ఇప్పుడు పూర్తిగా వర్తించదు. ఒకప్పుడు పునాదుల్లో పోసిన ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ దశాబ్దాలపాటు మట్టిలో కరగకుండా ఉండేవి. ఆ ఇళ్లకు ఒకసారి పోస్తే జన్మకు సరి అన్న మాట వచ్చింది అందుకే. అదే గుణం వల్ల అవి మనుషుల ఒంట్లో, పాలలో, నీళ్లలో కూడా పేరుకున్నాయి. 1996 నాటికి మనదేశంలో వాటిని నిషేధించారు. ఏళ్ల తరబడి నశించని విషరసాయనాలను అరికట్టడానికి దేశాలు చేసుకున్న 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం తొలి జాబితాలో ఈ మూడూ ఉన్నాయి. వాటి చోటుకి వచ్చిన క్లోర్‌పైరిఫాస్ కూడా ఇప్పుడు వెళ్లే దారిలోనే ఉంది. అమెరికాలో ఇళ్లలో దాని వాడకానికి 2000 నుంచే కత్తెర పడింది, 2025లో అది స్టాక్‌హోమ్ జాబితాలోకి కొన్ని మినహాయింపులతో చేరింది. ఘాటైన వాసన వస్తే మందు బలంగా ఉన్నట్టు అని మనవాళ్లు నమ్మేది ఎక్కువగా ఈ మందును చూసే. వాసనకూ బలానికీ సంబంధం లేదు.

ఇప్పుడు ఎక్కువగా వాడే ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్‌కు పెద్దగా వాసన ఉండదు. వాటి అసలు ప్రత్యేకత వేరే ఉంది. బైఫెంత్రిన్ లాంటి మందులు చెదను దూరం తరుముతాయి. మట్టిలో అంగుళం చోటు మందు తడవకుండా మిగిలినా చెద ఆ సందును వెతికి పట్టుకుని లోపలికి వస్తుంది. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ ఉన్న మట్టిని అది పసిగట్టలేదు. అందులోంచే నడిచి, ఒంటికి పట్టించుకుని, గూటిలో ఒకదాన్నొకటి నాక్కునే అలవాటు వల్ల మిగతావాటికి అంటిస్తుంది. కాబట్టి మందు పెట్టిన మర్నాడే చెద మాయం కాదు. కొన్ని వారాలు అక్కడక్కడా కనిపించవచ్చు. ఆ కంగారులో పైనుంచి బొద్దింకల స్ప్రే కొడితే, పని జరుగుతున్న దారిని చేజేతులా మూసుకున్నట్టే.

మోతాదు విషయంలో ప్రమాణం చెప్పేది ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందుకు 0.075 శాతం ద్రావణం, అంటే లీటరు నీళ్లకు దాదాపు 2.1 మిల్లీలీటర్లు. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందైతే 1 శాతం ద్రావణానికి లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. పైన చెప్పిన 45 లీటర్ల గదికి ఇమిడాక్లోప్రిడ్ 95 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. సీలు తీయని డబ్బా ఇంట్లోనే తెరవమని, కళ్లముందే కలపమని అడగడం అనుమానించడం కాదు, వినియోగదారు హక్కు. డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ, ఏ పురుగుకు అనుమతి ఉందో రాసి ఉంటుంది. పొలంమందుల కొట్లో విడిగా తెచ్చిన సీసా, రాత చెరిగిన డబ్బా అయితే అక్కడే ఆపేయాలి. డబ్బు తీసుకుని మందు కొట్టే సంస్థకు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి.

సొంతంగా కొట్టుకునేవారికి అతి ముఖ్యమైన హెచ్చరిక సంపు గురించి. మన ఊళ్లల్లో తాగునీటి సంపు ఇంటి గోడను ఆనుకుని, చాలాసార్లు మెట్ల కిందో, పార్కింగులోనో ఉంటుంది. దాని గోడకు పగులుంటే చుట్టూ మట్టిలో పోసిన మందు నీళ్లలోకి దిగుతుంది. సంపు, బోరు, బావి పక్కన మందు ఎక్కించే పని ఇంటివాళ్లు చేయకూడదు, తెలిసినవాడి చేత కూడా తగిన ఎడం విడిచి చేయించాలి. గచ్చుకు బెజ్జం వేసేముందు నీళ్ల పైపులు, కరెంటు పైపులు ఎటు పోయాయో చూసుకోకపోతే చెదకు కావాల్సిన లీకును మనమే తయారు చేసిన వాళ్లమవుతాం. గర్భిణులు, చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఆ గదుల్లో లేకుండా, చేపల తొట్టి బయట పెట్టి, మందు పూర్తిగా ఆరేదాకా తలుపులు తెరిచి ఉంచాలి. కిరోసిన్, డీజిల్ తగిలిన చెద చస్తుంది, ఆ తడి ఆరాక మళ్లీ వస్తుంది. స్విచ్ బోర్డు దగ్గర అవి పోయడం చెదకంటే పెద్ద ప్రమాదం. వేపనూనెకు వికర్షణ గుణం కొంత ఉన్నా గూటిని తుడిచిపెట్టేంత శక్తి లేదు.

నేల తొలవడం కుదరని ఇళ్లకు ఎర పద్ధతి ఉంది. చెద ఇష్టపడే సెల్యులోజ్‌లో (చెక్కలో, కాగితంలో ఉండే పీచు పదార్థం), కొత్త చర్మం కట్టుకోనివ్వని క్లోర్‌ఫ్లూజురాన్ లాంటి మందు కలిపి, మట్టిదారి మీదే పెట్టెలా బిగిస్తారు. శ్రామిక చెదలు దాన్ని తిని గూటికి మోసుకెళ్తాయి. పొర విడిచే దశలో పిల్లలు చస్తాయి, కొత్త శ్రామికులు లేక గూడు కూలుతుంది. దీనికి వారాలు కాదు, నెలలు పట్టవచ్చు, మధ్యలో ఎర నింపుతూ ఉండాలి. బూజు సాగుచేసే ఒడోంటోటెర్మిస్ రకాలు ఈ ఎర మీద అంతగా ఆసక్తి చూపవు. ఏ రకమో చూడకుండా అందరికీ ఎరే అమ్మే సంస్థలను కాస్త అనుమానంతోనే చూడాలి. పొడిచెక్క చెదకు ఇవేవీ పనికిరావు. పట్టిన ముక్కను మార్చడం, బెజ్జాల్లోంచి మందు ఎక్కించడం, రంగు వేయని పచ్చిచెక్కకు బోరేట్ ద్రావణం పట్టించడం, అంతే.

ఇల్లు ఇంకా పునాదిలో ఉన్నవారికి ఇదంతా ఎంతో తేలిక. బేస్‌మెంటు పూడిక మట్టి మీద గచ్చు పడకముందు చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాది గోడల వెంట పూడ్చే మట్టికి గోడ చదరపు మీటరుకు ఏడున్నర లీటర్ల చొప్పున మందు పోస్తారు. మందు పోసిన రోజు వాన పడకూడదు, పోసిన మట్టిని మళ్లీ తవ్వకూడదు. దీనికంటే ముందు చేయాల్సినది ఖర్చులేని పని. సెంట్రింగ్ చెక్క ముక్కలు, కొట్టిన చెట్ల మొద్దులు, సిమెంటు సంచులు అదే గుంతలో వేసి పూడ్చకుండా మేస్త్రీని కాపలా కాయడం. చాలా కొత్త ఇళ్లలో చెదకు మొదటి భోజనం పెట్టేది కట్టినవాళ్లే.

గ్యారంటీ కాగితం తీసుకునేటప్పుడు ఏళ్ల సంఖ్య కాకుండా అందులో ఏముందో చదవాలి. ఏ మందు, ఎంత శాతం, మొత్తం ఎన్ని లీటర్లు, ఎన్ని బెజ్జాలు వేశారు, తనిఖీకి ఏ నెలల్లో వస్తారు, మళ్లీ వస్తే చెద పట్టిన చోటు ఒక్కటే చేస్తారా, ఇంటిచుట్టూ చేస్తారా అన్నవి రాసి ఉండాలి. తనిఖీ తొలకరి వానలకు ముందు ఒకటి, వానలు వెనకబడ్డాక ఒకటి ఉంటే మేలు. ఆ తర్వాత బాత్రూం మార్చినా, గేటు పక్కన మొక్కల కోసం గోడ వారన తవ్వినా, కొత్త పైపు వేయించినా అక్కడ మందు తడిసిన మట్టి తెగిపోతుంది, గ్యారంటీ కూడా సాధారణంగా అక్కడితో చెల్లదంటారు. తవ్విన చోటు పూడ్చే రోజే ఆ రెండు మూడు మీటర్లకు మళ్లీ మందు పోయించుకోవాలి.